ల్యాప్‌టాప్ ఫ్యాను గరగరమంటోంది: శుభ్రం చేస్తే సరిపోతుందా, మార్చక తప్పదా?

ప్రశ్న

నమస్కారం. నేను నాలుగేళ్లుగా వాడుతున్న ల్యాప్‌టాప్‌లో నెలన్నర నుంచి ఫ్యాను బాగా చప్పుడు చేస్తోంది. రోజుకు ఎనిమిది గంటలు దానిమీదే అనువాదం పని చేసుకుంటాను, అందులోనూ ఎక్కువ భాగం ఇంట్లో అందరూ నిద్రపోయాకే సాగుతుంది కనుక ఈ చప్పుడును పట్టించుకోకుండా ఉండడం నాకు సాధ్యం కావడం లేదు.

నాకు వినిపిస్తున్నవి రెండు రకాల చప్పుళ్లు. ఒకటి, ఉదయం ఆన్ చేసిన వెంటనే మొదలయ్యే గరగర. ఇసుక నలిగినట్టు వినిపించి, నాలుగైదు నిమిషాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ సమయంలో ల్యాప్‌టాప్‌ను ఒక పక్కకు వంచితే చప్పుడు మారుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. రెండోది, వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడో బ్రౌజరులో చాలా పేజీలు తెరిచినప్పుడో వచ్చే హోరు. ఒకప్పుడు ఇదే పనికి ఫ్యాను ఇంతగా అరిచేది కాదు. ఏ పనీ చేయనప్పుడు ప్రాసెసరు ఉష్ణోగ్రత 62 డిగ్రీల సెల్సియస్, కాల్ సమయంలో 97 వరకూ చూపిస్తోంది. కీబోర్డుకు పైనున్న భాగం చేయి ఆనించలేనంతగా కాలుతోంది.

గత వారం కంప్యూటర్లు శుభ్రం చేసే గాలి డబ్బా ఒకటి తెచ్చి, ల్యాప్‌టాప్‌ను విప్పకుండానే, పక్కనున్న గాలి రంధ్రాల్లోంచి లోపలికి గట్టిగా గాలి కొట్టాను. ఫ్యాను ఈలవేసినట్టు శబ్దం చేస్తూ చాలా వేగంగా తిరిగింది. ఆ మర్నాటి నుంచి ఉదయపు గరగర నాలుగైదు నిమిషాలకు బదులు పావుగంట దాకా ఉంటోంది. నేనే చెడగొట్టానేమోనన్న బాధ ఉంది.

ఫ్యాను పాడైనట్టేనా, శుభ్రం చేస్తే బాగుపడుతుందా? రెండు చుక్కల నూనె వేయవచ్చునని ఒకరు అన్నారు, అది సరైన పనేనా? ఇంతవరకూ ఏ ల్యాప్‌టాప్‌నూ విప్పి ఎరుగను, కానీ నిదానంగా చేస్తే చేయగలననే అనుకుంటున్నాను. ఈలోగా దీనిమీద పని చేసుకోవచ్చునా?

మొదటి సమాధానం

మీరు చప్పుళ్లను రెండుగా విడదీసి చెప్పడం వల్ల సగం పని తేలికైంది, ఎందుకంటే ఆ రెండూ రెండు వేర్వేరు జబ్బులు. హోరు గాలిది, గరగర బేరింగుది, అంటే ఫ్యాను ఇరుసును పట్టి తిప్పనిచ్చే భాగానిది. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. చాలామంది ఇక్కడే పొరబడి, వేడి ఎక్కువై అరుస్తున్న ఫ్యానును అనవసరంగా మారుస్తారు, లేదా బేరింగు అరిగిన ఫ్యానుకు దుమ్ము దులిపి ఊరుకుంటారు.

ముందు హోరు సంగతి చూద్దాం. ఫ్యాను తనంతట తాను వేగం పెంచుకోదు, ప్రాసెసరు వేడెక్కుతున్నకొద్దీ మదర్‌బోర్డు దాన్ని వేగంగా తిప్పుతుంది. ఫ్యాను వేగానికీ చప్పుడుకూ ఉన్న లెక్క ఏమిటంటే, వేగం ఐదో వంతు తగ్గితే చప్పుడు సుమారు 5 డెసిబెళ్లు తగ్గుతుంది, వేగం రెట్టింపైతే దాదాపు 15 డెసిబెళ్లు పెరుగుతుంది. అంటే లోపలి వేడిని కొద్దిగా తగ్గించగలిగినా చెవికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. నాలుగేళ్ల యంత్రంలో ఖాళీగా ఉన్నప్పుడే 62 డిగ్రీలు ఉంటే, వేడి బయటికి పోయే దారి ఎక్కడో మూసుకుపోయిందని నా అనుమానం.

ఎక్కడ మూసుకుపోయిందో విప్పకముందే కొంత తెలుసుకోవచ్చు. ఫ్యాను హోరెత్తుతున్నప్పుడు గాలి బయటికి వచ్చే రంధ్రాల దగ్గర అరచేయి పెట్టి చూడండి. చప్పుడు ఎక్కువగా ఉండి గాలి మాత్రం బలహీనంగా వస్తుంటే, వేడిని గాలిలోకి వదిలే సన్నటి లోహపు రేకుల మధ్య దుమ్ము పేరుకుపోయింది. గాలి బలంగా, బాగా వేడిగా వస్తుంటే వేడి సరిగానే బయటికి పోతోంది, ప్రాసెసరు నిజంగానే ఎక్కువ పని చేస్తోంది. గాలి బలంగా వస్తూ, ప్రాసెసరు 97 డిగ్రీల్లో ఉన్నా గోరువెచ్చగానే తగులుతుంటే మాత్రం ప్రాసెసరు వేడి రేకుల దాకా చేరడం లేదు. అప్పుడు ప్రాసెసరు వేడిని దానిమీది లోహానికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండాలి, లేదా ఆ వేడిని రేకులకు మోసే హీట్ పైపు దెబ్బతిని ఉండాలి.

ఇక గరగర. ల్యాప్‌టాప్ ఫ్యానుల్లో చాలావాటికి ఉండేది స్లీవ్ బేరింగు. నూనె పీల్చుకున్న సన్నటి రంధ్రాల లోహపు గొట్టంలో ఉక్కు ఇరుసు తిరుగుతుంటుంది, రెంటికీ మధ్య పలచని నూనె పొర ఉన్నంతకాలం లోహానికి లోహం తగలదు. ఏళ్ల తరబడి వేడికి ఆ నూనె కొంత ఆవిరైపోతుంది, మిగిలింది చిక్కబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు గరగరమని, కాస్త వేడెక్కి నూనె పలచబడ్డాక సద్దుమణగడం దీని ప్రధాన లక్షణం. వంచినప్పుడు చప్పుడు మారుతోందంటే ఇరుసు మీద బరువు పడే వైపు మారుతోందన్నమాట.

గాలి డబ్బా విషయానికి వస్తే, జరిగింది బహుశా ఇదే. మామూలుగా నిమిషానికి 3,000 నుంచి 5,000 చుట్లు తిరిగే ఫ్యాను, ఆ గాలి ధాటికి అంతకు మించిన వేగంతో తిరిగి, అప్పటికే బలహీనపడిన బేరింగు మరింత నలిగి ఉంటుంది. పైగా దుమ్ము పేరుకునేది ఫ్యానుకూ రేకులకూ మధ్య, అంటే రేకుల లోపలి వైపున. బయటినుంచి గాలి కొడితే ఆ దుమ్ము బయటికి రాకపోగా ఊడి ఫ్యాను రెక్కల మీద పడుతుంది. ఒక రెక్కకు దుమ్ము ఉండ అంటుకున్నా ఫ్యాను తూకం తప్పి అదరడం మొదలుపెడుతుంది. మీరు బాధపడవలసిన పని లేదు, ఆ డబ్బా మీది సూచనలు చదివి అలాగే చేసేవారు ఎందరో ఉన్నారు.

ఈలోగా పని చేసుకోవచ్చు. ప్రాసెసరు 100 డిగ్రీల దరిదాపులకు రాగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అయినా వేడి పెరుగుతూ పోతే యంత్రం ఆగిపోతుంది. కానీ ఫ్యాను ఎప్పుడు బిగుసుకుపోతుందో చెప్పలేం కనుక మీ అనువాదాల నకలు వేరేచోట ఈరోజే దాచుకోండి.

రెండో సమాధానం

పైన చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. మొదటిసారి విప్పుతున్నానన్నారు కాబట్టి ఆ పని గురించి నాలుగు మాటలు చెబుతాను.

మీ మోడల్ పేరుతో తయారీదారు ఇచ్చే సర్వీసు మాన్యువల్ దొరుకుతుందేమో ముందు వెతకండి. ఏ స్క్రూ ఎక్కడ ఉంటుందో, ఏ క్రమంలో తీయాలో అందులో బొమ్మలతో ఉంటుంది. కొన్ని స్క్రూలు రబ్బరు పాదాల కింద దాగి ఉంటాయి, అవి తీయకుండా అడుగు మూతను లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. మూత రాకపోతే బలం వాడకండి, మిగిలిపోయిన స్క్రూ ఎక్కడుందో వెతకండి. కొలత సరిపోని స్క్రూడ్రైవరుతో తిప్పితే స్క్రూ తల అరిగిపోయి ఇక ఎప్పటికీ రాదు. చాలావరకు ప్లస్ ఆకారపు మొన ఉన్న పీహెచ్ 0 గానీ పీహెచ్ 00 గానీ సరిపోతుంది, కొన్నింటికి నక్షత్రపు మొన ఉన్న టీ5 టోర్క్స్ కావాలి.

స్క్రూల పొడవు అన్నిచోట్లా ఒకటే కాదు. ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ ఆ బొమ్మలో దాని చోటులోనే గుచ్చి పెట్టండి. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకో కీబోర్డులోకో దిగి, ఫ్యాను కంటే పెద్ద నష్టం చేస్తుంది. నా మొదటి మరమ్మతులో నేను సరిగ్గా ఇదే తప్పు చేశాను కనుక గట్టిగా చెబుతున్నాను.

మూత తీశాక మొట్టమొదటి పని బ్యాటరీ కనెక్టరును ఊడదీయడం. ఛార్జరు తీసేసినంత మాత్రాన బోర్డులో కరెంటు ఉండదని అనుకోకండి. కనెక్టరు తీశాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా, నేలకు కలిసివున్న ఏదైనా లోహపు వస్తువును తాకి పని మొదలుపెట్టండి.

ఫ్యాను మూత స్క్రూలు తీస్తే రెక్కలూ, వాటి అవతల రాగి లేదా అల్యూమినియం రేకులూ కనిపిస్తాయి. రేకుల ముఖాన దుమ్ము దుప్పటి ముక్కలా పేరుకుని ఉంటే దాన్ని ఊదకండి. చిమటాతో ఒక కొస పట్టి మెల్లగా లాగితే మొత్తం ఒకే పొరగా వచ్చేస్తుంది. మిగిలినదాన్ని మెత్తటి పొడి బ్రష్షుతో తుడవండి. గాలి వాడవలసి వస్తే రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని, లోపలినుంచి బయటికి, కొద్దికొద్దిగా కొట్టండి. ఇంట్లో ఊడ్చే వాక్యూమ్ క్లీనరును బోర్డు దగ్గరికి తీసుకురాకండి, దాని గొట్టం కొస దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుంది.

థర్మల్ పేస్టు జోలికి వెళ్లాలా వద్దా అన్నది మీ యంత్రాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాను విడిగా వచ్చేస్తే హీట్ సింక్‌ను (ప్రాసెసరు మీద కూర్చుని దాని వేడిని పీల్చుకునే లోహపు భాగాన్ని) కదపకుండానే శుభ్రం చేసి, ఉష్ణోగ్రత చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. ఫ్యాను, హీట్ సింక్ కలిసి ఒకే ముక్కగా ఉంటే మాత్రం, ఒకసారి పైకి లేపాక పాత పేస్టు పనికిరాదు. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పూర్తిగా తుడిచి కొత్తది పలచగా పెట్టాలి. హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలు చెక్కి ఉంటాయి, అదే వరుసలో ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెంగా బిగించాలి. ప్రాసెసరు చుట్టుపక్కల చిప్‌ల మీద మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఉంటే వాటిని జాగ్రత్తగా తిరిగి అక్కడే పెట్టండి. అక్కడి ఎడాన్ని పేస్టుతో నింపాలని చూడకండి, పేస్టు అంత మందాన నిలవదు.

మూడో సమాధానం

ఒక్క విషయం కలుపుతాను. విప్పే ముందు ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి, అడుగు నాలుగు మూలలా సమంగా ఆనుతోందో లేదో చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, నొక్కితే గట్టిగా తగులుతున్నా, మూత అంచులు విడిపోతున్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. ఉబ్బిన బ్యాటరీ అడుగు మూతనో ఫ్యాను పెట్టెనో నెట్టి రెక్కలు రాసుకునేలా చేస్తుంది, అప్పుడు వచ్చే చప్పుడు కూడా గరగరలాగే ఉంటుంది. అటువంటి బ్యాటరీని గుచ్చకూడదు, వంచకూడదు, ఛార్జి చేయకూడదు. అది కనిపిస్తే ఫ్యాను పని ఆపేసి ముందు దాన్ని తెలిసినవారి చేత తీయించండి.

మీ ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్ డిస్కు ఉంటే దాని సంగతీ గుర్తుంచుకోండి. అది సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు చొప్పున ఒకే వేగంతో తిరుగుతుంది కనుక దాని చప్పుడు ప్రాసెసరు వేడిని బట్టి మారదు. చప్పుడు టకటకమని వస్తుంటే అది ఫ్యాను కాకుండా డిస్కు చెడిపోతున్న గుర్తు కావచ్చు. అలాగే, పేజీని పైకీ కిందికీ జరిపినప్పుడు సన్నగా కీచుమని వినిపించే శబ్దం ఫ్యానుది కాదు, బోర్డు మీది తీగచుట్టలది (కాయిల్స్). దానివల్ల యంత్రానికి హాని లేదు, ఫ్యాను మార్చినా అది పోదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. అరచేయి పరీక్ష చేస్తే హోరు ఎక్కువగా ఉండి గాలి చాలా తక్కువగా తగిలింది. బ్యాటరీ చదునుగానే ఉంది, హార్డ్ డిస్కు లేదు, ఉన్నది తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ. ధైర్యం చేసి ఆదివారం విప్పాను. రబ్బరు పాదాల కింద రెండు స్క్రూలు ఉన్నాయని ముందే తెలియకపోతే మూతను తప్పకుండా విరగ్గొట్టేదాన్ని.

రేకుల ముఖాన బూడిద రంగు దుమ్ము పొర నిజంగానే దుప్పటి ముక్కలా ఉంది. చిమటాతో లాగితే ఒకే పట్టీగా వచ్చింది. ఫ్యాను విడిగా వచ్చింది కాబట్టి పేస్టును ముట్టుకోలేదు. తిరిగి బిగించాక ఖాళీగా ఉన్నప్పుడు 48 డిగ్రీలు, కాల్ సమయంలో 84 డిగ్రీలు చూపిస్తోంది. హోరు చాలావరకు తగ్గింది, రాత్రి పని చేసుకుంటుంటే ఫ్యాను ఉందన్న సంగతే మరిచిపోతున్నాను.

అయితే ఉదయపు గరగర అలాగే ఉంది. విప్పినప్పుడు రెక్కల మధ్యభాగాన్ని వేలితో పక్కకు కదిపి చూస్తే కొద్దిగా ఊగింది. నూనె వేసి చూడమంటారా?

నాలుగో సమాధానం

నేనైతే ఒకసారి వేసి చూడమంటాను. చాలా ల్యాప్‌టాప్ ఫ్యానుల్లో రెక్కల భాగాన్ని అయస్కాంతమే పట్టి ఉంచుతుంది, నిటారుగా పైకి లాగితే ఊడి వస్తుంది. ఇరుసును, గొట్టం నోటిని ఆల్కహాలుతో తుడిచి ఆరనిచ్చి, పలచటి మిషన్ నూనె ఒక్కటే ఒక్క చుక్క గొట్టంలో వేసి, రెక్కలను తిరిగి కూర్చోబెట్టాలి. ఎక్కువ వేస్తే బయటికి చిమ్మి దుమ్మును అంటించుకుంటుంది. వంట నూనె ఏదైనా సరే కొద్దికాలానికి జిగురుగా మారిపోతుంది, తుప్పు వదిలించే స్ప్రేలు ఉన్న కాస్త నూనెనూ కడిగేస్తాయి, కనుక ఆ రెండూ వద్దు. ఇలా చేసిన నా ఫ్యాను ఒకటి ఏడాదికి పైగా నిశ్శబ్దంగా తిరిగింది. పని చేయకపోతే మార్చుకునే దారి ఎలాగూ ఉంది.

మొదట సమాధానం ఇచ్చినవారు

ఇక్కడ నా అభిప్రాయం వేరు. నూనె మాత్రమే ఎండిపోయిన ఫ్యానుకు పైన చెప్పిన పద్ధతి పనిచేస్తుంది, కాదనను. కానీ పక్కకు కదిపితే ఊగుతోందని మీరు చెప్పారు. ఇరుసు పైకీ కిందికీ కొంచెం కదలడం సహజమే, పక్కకు ఊగుతున్నదంటే మాత్రం గొట్టమో ఇరుసో అరిగిపోయింది. అరిగిన చోటును నూనె కొన్ని వారాలు కప్పి ఉంచుతుందే తప్ప పూడ్చలేదు. ఈలోగా ఊగే రెక్కలు పెట్టె గోడకు రాసుకుంటే ఒకనాడు ఫ్యాను ఆగిపోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆన్ చేయగానే ఫ్యానును పరీక్షించి, అది తిరగకపోతే ముందుకు పోనివ్వవు. రోజూ ఎనిమిది గంటలు దానిమీదే ఆధారపడే మీరు ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడమే నాకు న్యాయంగా తోస్తోంది.

కొత్తది కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరును నమ్ముకోకండి. ఒకే మోడల్‌లో విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న రకానికి ఒక ఫ్యాను, లేని రకానికి మరొక ఫ్యాను ఉంటాయి. రెండు ఫ్యానులున్న యంత్రాల్లో ఎడమది, కుడిది అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి గాని ఒకదాని చోట మరొకటి కూర్చోదు. మీ ఫ్యాను మీద అంటించిన కాగితాన్ని ఫోటో తీసుకుని, అందులోని పార్ట్ నంబరు, వోల్టేజి, ఆంపియర్లు సరిపోల్చుకోండి. చాలావాటిలో 5 వోల్టులు ఉంటుంది, కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో 12 వోల్టులు ఉంటుంది. తీగల సంఖ్య, కనెక్టరు ఆకారం, స్క్రూ రంధ్రాల చోట్లు కూడా చూడాలి. నాలుగు తీగల ఫ్యానులో రెండు కరెంటుకు, ఒకటి వేగం ఎంతుందో బోర్డుకు చెప్పడానికి, ఒకటి బోర్డు ఆ వేగాన్ని అదుపు చేయడానికి ఉంటాయి. తీగల సంఖ్య తగ్గినా, వాటి వరుస మారినా ఫ్యాను ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరగవచ్చు, అప్పుడు మీరు మళ్లీ మొదటికే వస్తారు.

ఐదో సమాధానం

కాల్ సమయంలో మిగిలిన ఆ కాస్త హోరు కూడా ఇబ్బంది అనిపిస్తే, విండోస్‌లో పవర్ ఆప్షన్ల లోపల ప్రాసెసరు గరిష్ఠ స్థితి అన్న చోట 100 శాతానికి బదులు 99 శాతం పెట్టి చూడండి. చాలా ప్రాసెసర్లలో దీనివల్ల టర్బో వేగం, అంటే అవసరమైనప్పుడు మామూలు వేగాన్ని మించి అందుకునే వేగం ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. అనువాదం పనికి ఆ వేగం లేని లోటు మీకు దాదాపు తెలియదు, పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవారికి మాత్రం తెలుస్తుంది. బయాస్ సెట్టింగుల్లో (విండోస్ మొదలు కాకముందు తెరిచే సెట్టింగులు) ఛార్జరు పెట్టి ఉన్నంతసేపూ ఫ్యాను తిరుగుతూనే ఉండాలన్న ఎంపిక కొన్ని యంత్రాల్లో ఉంటుంది, అది ఆన్‌లో ఉందేమో కూడా ఒకసారి చూడండి. అలాగని ఫ్యాను వేగాన్ని బలవంతంగా తగ్గించే ప్రోగ్రాముల జోలికి వెళ్లవద్దు. వేడి ఎక్కడిదక్కడే ఉండగా చప్పుడును మాత్రమే నొక్కి ఉంచడం అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను. కొత్త ఫ్యాను తెప్పించాను. మొదట వచ్చినదాని కాగితం మీద మోడల్ పేరు సరిగానే ఉన్నా పార్ట్ నంబరులో చివరి రెండు అక్షరాలు వేరుగా ఉన్నాయి, పక్కన పెట్టి చూస్తే ఒక స్క్రూ రంధ్రం చోటు మారింది. వెనక్కి పంపి, నంబరు పూర్తిగా కలిసినదాన్ని తెప్పించి బిగించాను. రెండోసారి విప్పడానికి అరగంట కూడా పట్టలేదు. ఇప్పటికి పది రోజులైంది, ఉదయం గరగర లేదు. 99 శాతం సెట్టింగు పెట్టాక కాల్ సమయంలో ఉష్ణోగ్రత 71 డిగ్రీలు దాటడం లేదు.

నూనె విషయంలో ఇద్దరు రెండు విధాలుగా చెప్పారు కాబట్టి పాత ఫ్యాను రెక్కలను పైకి లాగి చూశాను. ఇరుసు చుట్టూ నూనె నల్లటి జిగురులా అంటుకుని ఉంది. ఆల్కహాలుతో తుడిచి వెలుతురులో తిప్పి చూస్తే ఇరుసుకు ఒక పక్కన మాత్రమే అరిగి మెరుస్తున్న గీత కనిపించింది, గోటితో తడిమితే అక్కడ చిన్న పల్లం తగులుతోంది. నాలుగో సమాధానంలో చెప్పినట్టే మిషన్ నూనె ఒక చుక్క వేసి కూర్చోబెట్టి పక్కకు కదిపాను. మునుపటిలాగే ఊగింది.